ఎంసీబీ ఎప్పుడు పడుతోందో చూడండి, ఆ తర్వాతే పైకి వేయండి

మీరు అడిగింది ఇదీ. గీజర్ వేసిన పది పదిహేను నిమిషాలకు ఆ లైన్‌కున్న 16 యాంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే లైన్‌ని తనంతట తానే తెంచే స్విచ్, పడిపోతోంది. వెంటనే పైకి వేస్తే నిలవడం లేదు. కాసేపాగి వేస్తే నిలుస్తోంది కానీ మళ్లీ పది నిమిషాలకు పడుతోంది. నిన్న ఒక్కరోజే ఐదారుసార్లు పైకి వేశారు. తెలిసినవాళ్లెవరో 16 తీసేసి 32 పెట్టుకుంటే గొడవ వదిలిపోతుందన్నారు. అలా పెట్టవచ్చా, ఈలోగా ఏం చేయాలి?

32 పెట్టకండి. ఇవాళ్టికి ఆ ఎంసీబీని మళ్లీ పైకి వేయకండి కూడా. కారణాలు కింద వివరంగా చెబుతాను. 27 ఏళ్లుగా ఇళ్ల వైరింగ్ పని చేస్తున్నాను. ఈ ఒక్క ప్రశ్నకు తొందరపాటు జవాబులు విని నష్టపోయిన ఇళ్లను చాలా చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు డీబీ, అంటే ఎంసీబీలన్నీ ఉండే బాక్స్, దగ్గరికి వెళ్లి, దేన్నీ ముట్టుకోకుండా నిలబడి చూడండి. చీకటిగా ఉంటే టార్చి పట్టుకోండి. కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోందా? సన్నగా గీ అనే శబ్దం గానీ చిటపటలు గానీ వినబడుతున్నాయా? ఎంసీబీ చుట్టూ పసుపు రంగుగానో నల్లగానో మారిందా? బాక్స్ మీదకి గోడ నుంచి నీళ్లు దిగుతున్నాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మీ పని అక్కడితో అయిపోయింది. మెయిన్ స్విచ్ పొడిగా ఉండి, చేతికి సురక్షితంగా అందితే దాన్ని దించి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. బాక్సే తడిసి ఉంటే మెయిన్ కూడా ముట్టుకోవద్దు, కరెంటు సరఫరా చేసే సంస్థకి ఫోన్ చేసి బయటి నుంచే ఆపించండి. పొగో మంటో కనిపిస్తే నీళ్లు మాత్రం చల్లకండి. ఇంట్లోవాళ్లని బయటికి పంపి అగ్నిమాపక సిబ్బందిని పిలవండి.

అలాంటివేమీ లేవనుకుందాం. ఇప్పుడు గుర్తు చేసుకోవాల్సింది ఒకటే, అది ఎప్పుడు పడింది. స్విచ్ వేసిన క్షణంలోనే పడిందా, కొంతసేపు నడిచాక పడిందా? నేను ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగేది ఇదే, ఎందుకంటే ఎంసీబీ లోపల పనిచేసేవి రెండు వేర్వేరు భాగాలు. ఒకటి రెండు రకాల లోహాలు అతికించిన పట్టీ. కరెంటు ఎక్కువైతే అది మెల్లగా వేడెక్కి వంగుతుంది, వంగి వంగి మీటని వదిలేస్తుంది. రెండోది ఒక కాయిల్. షార్ట్ అయినప్పుడు ఒక్కసారిగా వచ్చే భారీ కరెంటుకి అది అయస్కాంతమై, సెకనులో వందో వంతు సమయంలోనే తెంచేస్తుంది. ఆలస్యంగా పడితే పట్టీ పని, తక్షణం పడితే కాయిల్ పని. ఈ తేడా పట్టుకుంటే సగం రోగం తెలిసినట్టే.

చాలామంది 16 అని రాసి ఉంటే 16 యాంపియర్లు దాటగానే పడిపోతుందనుకుంటారు. అలా ఉండదు. ఇళ్లలో వాడే ఎంసీబీలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, రాసిన అంకెకి 1.13 రెట్లు, అంటే సుమారు 18 యాంపియర్లు, గంటసేపు పారినా అది పడకూడదు. 1.45 రెట్లు, అంటే 23 యాంపియర్లకు పైన పారితే గంటలోపు పడి తీరాలి. రెండున్నర రెట్లు పారితే నిమిషంలోపే పడాలి. ఇవి చుట్టూ 30 డిగ్రీల వేడి ఉన్నప్పటి లెక్కలు. ఎండ పడే గోడ మీద బాక్స్ ఉన్నా, పక్కపక్కనే ఉన్న ఎంసీబీలన్నీ నిండుగా లోడ్ మీద నడుస్తున్నా లోపలి పట్టీ ముందే వేడెక్కి ఉంటుంది కాబట్టి ఇంకాస్త తొందరగా పడుతుంది. మిట్టమధ్యాహ్నం పడి రాత్రిపూట పడని ఎంసీబీలకు చాలాసార్లు ఇదే కారణం.

ఇక మీ ఇంటి సంగతి. మీది పది పదిహేను నిమిషాలకు పడుతోంది, వెంటనే వేస్తే నిలవడం లేదు, చల్లారాక నిలుస్తోంది. ఇది అచ్చంగా ఆ పట్టీ లక్షణం. అది వేడిగా వంగి ఉన్నంతసేపూ మీట పట్టుకోదు. కాబట్టి మీది నేరుగా షార్ట్ అయ్యుండే అవకాశం తక్కువ. పట్టీ దగ్గర వేడి ఎక్కడి నుంచి వస్తోందన్నదే తేల్చాలి, దానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి.

ఒకటి, నిజంగానే లోడ్ ఎక్కువ కావడం. 230 వోల్టుల మీద 2000 వాట్ల గీజర్ దాదాపు 8.7 యాంపియర్లు తీసుకుంటుంది. ఒక్క గీజరే అయితే 16 ఎంసీబీకి అది బరువే కాదు. అదే లైన్ మీద 1500 వాట్ల కెటిల్, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, ఇంకో 1200 వాట్ల ఓవెన్ కూడా నడిస్తే మొత్తం 5700 వాట్లు, దాదాపు 25 యాంపియర్లు అవుతుంది. అప్పుడు పది నిమిషాలకో అరగంటకో పడటం ఎంసీబీ చేయాల్సిన పనే. గీజర్ నడుస్తున్న సమయంలో ఇంట్లో ఇంకేవి వేస్తున్నారో ఒక కాగితం మీద రాసి, ప్రతిదాని వాట్లు కూడండి. వాట్లు ఆ వస్తువు వెనక అతికించిన స్టిక్కర్ మీద ఉంటాయి. మొత్తాన్ని 230తో భాగిస్తే యాంపియర్లు వస్తాయి.

రెండో దారి లూజ్ కనెక్షన్. నా అనుభవంలో గీజర్ లైన్లలో ఎక్కువగా దొరికేది ఇదే. గీజర్ ఒక్కటే నడుస్తున్నా పడుతోందని మీరు గమనించారంటే నా అనుమానం గట్టిగా దీనిమీదే. ఎంసీబీ కింద వైరు బిగించే స్క్రూ కాలక్రమంలో వదులవుతుంది. వదులైన చోట వైరు అరకొరగా తగులుతుంది, అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడి లోపలి పట్టీకి పాకి అది వంగుతుంది. లోడ్ ఎనిమిది యాంపియర్లే అయినా ఎంసీబీ దాన్ని ఎక్కువ లోడ్ అనుకుని పడిపోతుంది. ఇలాంటి చోట కొత్త ఎంసీబీ వేసి, పాత అలవాటుగా వైరుని అదే వదులుతో బిగిస్తే నెల తిరక్కుండా మళ్లీ అదే కథ. పెద్దది వేస్తే ఇంకా ఘోరం. అది పడదు, స్క్రూ దగ్గర వేడి మాత్రం ఆగదు. వైరు తొడుగు కరిగి, పక్క ఎంసీబీకి అంటుకునేదాకా ఎవరికీ తెలియదు.

గీజర్ ప్లగ్గు, సాకెట్ కూడా చూడండి. లైన్ పడి ఉన్నప్పుడే, ఆ ఎంసీబీ కిందికి ఉందని రూఢి చేసుకుని, పొడి చేతులతో ప్లగ్గు లాగి దాని పిన్నులు చూడండి. ఒక పిన్ను నల్లబడినా, ప్లగ్గు ప్లాస్టిక్ ఉబ్బినా, సాకెట్ రంధ్రం చుట్టూ గోధుమరంగు వచ్చినా అది వేడెక్కినట్టే. ఆ సాకెట్‌ని మళ్లీ వాడొద్దు, మార్చాల్సిందే.

మీ లైన్‌ని ఇవాళ్టికి కిందికే ఉంచండి, కానీ ఇకముందు ఎప్పుడైనా ఎంసీబీ పడితే పైకి వేసే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కాళ్లకి పొడి చెప్పులు, కింద పొడి నేల, పొడి చెయ్యి. ఆ లైన్ మీద ఉన్న వస్తువులన్నిటినీ ముందు ప్లగ్గు నుంచి లాగేయండి. స్విచ్ ఆపితే చాలు అనుకోవద్దు. చాలా స్విచ్‌లు కరెంటు తెచ్చే ఫేజ్ వైరునే ఆపుతాయి, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ వైరు వస్తువులోకి అలాగే కలిసి ఉంటుంది. ఇలా ప్లగ్గు లేకుండా నేరుగా వైరుతో బిగించిన గీజర్, ఏసీ లాంటివాటికి విడిగా ఐసోలేటర్, అంటే లైన్‌ని పూర్తిగా తెంచే స్విచ్, ఉంటే దాన్ని ఆపండి. తర్వాత మొహం కాస్త పక్కకి తిప్పుకుని, మీటని ముందు పూర్తిగా కిందికి నొక్కండి. కొన్ని రకాల్లో ట్రిప్ అయిన మీట మధ్యలోనే ఆగి ఉంటుంది, పూర్తిగా దిగకపోతే లోపలి కొక్కెం పట్టుకోదు. అప్పుడు ఒకే ఊపులో పైకి వేయండి. పైకి పట్టుకుని ఉంచడానికి ప్రయత్నించకండి, టేపు అంటించడం, పుల్ల దోపడం అసలే వద్దు. మంచి ఎంసీబీలో మీటని మీరు బలవంతంగా పైకి పట్టుకున్నా లోపల అది తెంచేస్తుంది, అలా తయారు చేయడం మన మంచికే.

ఒక్కసారి వేశారు, ఏ వస్తువూ లేకుండా నిలిచింది. అయితే లోపం వస్తువుల్లోనో, మొత్తం లోడ్‌లోనో, లోడ్ పడ్డాక వేడెక్కే లూజ్ కనెక్షన్‌లోనో ఉంది. ఒక్కొక్కటీ పెట్టి, కాసేపు నడిపి, తర్వాతది పెట్టండి. ఏది పెట్టగానే పడిందో దాన్ని పక్కన పెట్టేయండి. ఏ వస్తువూ లేకుండానే వేసిన క్షణంలో టప్‌మని పడిందా? అక్కడ ఆగిపోండి. రెండోసారి వేయకండి. అది గోడలోపలి వైరులోనో, సాకెట్ డబ్బాలోనో, లైట్ పాయింట్‌లోనో షార్ట్. అప్పుడు ప్రతిసారీ మీరు పైకి వేస్తున్నది వందల యాంపియర్ల కరెంటుని. షార్ట్‌ని తెంచిన ప్రతిసారీ ఎంసీబీ లోపలి కాంటాక్టులు కాలతాయి. పూర్తి స్థాయి షార్ట్ కరెంటుని తెంచే సత్తా దానికి కొన్నిసార్లకే ఉంటుంది. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఒక ఇంట్లో ఇలాగే నాలుగుసార్లు వేశాను. నాలుగోసారి లోపల మెరుపు మెరిసింది, మీట కిందికి వచ్చింది కానీ లైన్ మాత్రం తెగలేదు, కాంటాక్టులు అతుక్కుపోయాయి. పై మెయిన్ పడబట్టి ఆ ఇల్లు బతికింది. ఆ తర్వాత ఏనాడూ కారణం తెలియకుండా రెండోసారి వేయలేదు.

మోటారు, కంప్రెసర్ ఉన్న వస్తువుల సంగతి కొంచెం వేరు. స్టార్ట్ అయ్యేటప్పుడు అవి మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతాయి. ఎంసీబీ మీద 16 ముందు బి అనో సి అనో ఒక అక్షరం ఉంటుంది, చూడండి. బి రకం రాసిన అంకెకి 3 నుంచి 5 రెట్ల మధ్య తక్షణం పడుతుంది, సి రకం 5 నుంచి 10 రెట్ల మధ్య, డి రకం 10 నుంచి 20 రెట్ల మధ్య. ఏసీ లైన్‌కి బి రకం ఉంటే స్టార్టింగ్‌లో అప్పుడప్పుడూ పడొచ్చు. అక్కడ అదే యాంపియర్లలో సి రకం వేయడం సరైన మార్పే. దాన్ని కూడా వైరు, ఎర్తింగ్ చూసి ఎలక్ట్రీషియన్ తేల్చాలి. గీజర్‌లో ఉండేది ఉత్త హీటింగ్ కాయిల్, దానికి స్టార్టింగ్ కరెంటు ఉండదు కాబట్టి మీకు ఈ గొడవ లేదు.

ఇంకొకటి సరిచూసుకోండి. పడుతున్నది నిజంగా ఎంసీబీయేనా, పక్కనున్న వెడల్పాటి ఆర్‌సీసీబీయా? టి అని రాసిన చిన్న బటన్ ఉండి, రెండు మూడు ఎంసీబీలంత వెడల్పు ఉంటే ఆర్‌సీసీబీ. ఎంసీబీ కాపాడేది ప్రధానంగా వైరుని. ఆర్‌సీసీబీ కాపాడేది మనిషిని. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతా తిరిగి వస్తోందా అని అది లెక్క చూస్తుంది. తేడా 30 మిల్లీయాంపియర్లకి చేరేలోపే తెంచేస్తుంది. అమెరికాలో ఛార్లెస్ డాల్జీల్ అనే ఇంజినీరు మనుషుల మీద పరీక్షలు చేసి, పట్టుకున్న వైరుని సొంతంగా వదిలించుకోగలిగే హద్దు సగటున మగవాళ్లలో 16, ఆడవాళ్లలో పదిన్నర మిల్లీయాంపియర్ల దగ్గరే ఉంటుందని తేల్చాడు. 2000 వాట్ల గీజర్ తీసుకునే 8.7 యాంపియర్లు అంటే 8700 మిల్లీయాంపియర్లు. 16 యాంపియర్ల ఎంసీబీ మనిషికి షాక్ కొడుతుంటే ఎందుకు కదలదో ఈ లెక్కలోనే ఉంది.

పడేది ఆర్‌సీసీబీ అయితే లోడ్ లెక్కలు పక్కన పెట్టండి. ఎక్కడో కరెంటు ఎర్త్‌లోకి కారుతోంది. గీజర్‌లో కాయిల్ పైతొడుగు పగిలి నీళ్లలోకి కారడం చాలా మామూలు. కుళాయి ముట్టుకుంటే సన్నగా జిల్లుమనిపిస్తే ఆ క్షణమే గీజర్ ఆపించి స్నానం మానేయండి. ఇంట్లో పిల్లలకి, పెద్దవాళ్లకి కూడా గట్టిగా చెప్పండి. బయట వాన తడిసే లైట్లు, పాత ఇస్త్రీపెట్టె వైరు మొదట్లో చిట్లడం, ఫ్రిజ్‌లో మంచు కరిగించే హీటర్, ఇవన్నీ అనుమానించదగినవే. ఇక్కడ ఒక చిక్కుంది. ఎంసీబీలన్నీ దించేసినా ఆర్‌సీసీబీ నిలవకపోవచ్చు. చాలా ఇళ్లలో ఎంసీబీలు ఫేజ్‌నే తెంచుతాయి, న్యూట్రల్ వైర్లన్నీ ఒకే పట్టీకి కలిసి ఉంటాయి. ఏదో ఒక న్యూట్రల్ వైరు ఎర్త్‌కి తగులుతుంటే ఎంసీబీలు దించినా దోషం అలాగే ఉంటుంది. అందుకే ప్లగ్గులన్నీ లాగి చూడమనేది. ఎంత విసుగొచ్చినా ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలపడం మాత్రం చేయకండి, ఎవరు చెప్పినా సరే. నెలకోసారి ఆ టి బటన్ నొక్కి చూడండి, వెంటనే పడాలి. పడకపోతే మార్పించండి. మనిషి ఒకచేత్తో ఫేజ్‌ని, ఇంకోచేత్తో న్యూట్రల్‌ని పట్టుకుంటే ఆర్‌సీసీబీ కూడా అతన్ని వస్తువు లాగే లోడ్ అనుకుంటుంది. కాబట్టి అది ఉంది కదా అని బాక్స్ మూత విప్పడానికి ధైర్యం చేయకండి.

ఇక 32 సంగతి. గోడలో ఉన్న వైరుకి ఒక మోత ఉంటుంది. 16 ఎంసీబీ ఉన్న గీజర్ లైన్‌కి సాధారణంగా రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తారు. పైపులో, వేరే వైర్లతో కలిసి వెళ్లేటప్పుడు అది సుమారు 20 యాంపియర్ల చుట్టుపక్కల వరకే ఎక్కువసేపు మోయగలదు. 32 పెడితే, పైన చెప్పిన లెక్కలో 36 యాంపియర్లు గంటసేపు పారినా అది కదలదు. వైరు తన మోతకి దాదాపు రెట్టింపు కరెంటుని గోడలో భరిస్తుంటే కాపలావాడు నిద్రపోతుంటాడన్నమాట. ఫ్యూజులున్న రోజుల్లో మాటిమాటికీ పోతోందని సన్న తీగ బదులు లావు రాగితీగ చుట్టేవాళ్లు. అదే తప్పు. 1924లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్జ్ కంపెనీ ఈ చిన్న బ్రేకర్‌ని తెచ్చాక ఆ తీగ చుట్టే పని తప్పింది. పెద్దది పెట్టే అలవాటు మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఒక ఇంటికి గదిలో కాలిన వాసన వస్తోందని పిలిస్తే వెళ్లాను. ఎంసీబీ ఒక్కసారి కూడా పడలేదన్నారు. మూత తీసి చూస్తే 16 ఉండాల్సిన చోట 32 ఉంది, రెండేళ్ల క్రితం ఎవరో మార్చారట. వైరుని పైపులోంచి లాగబోతే రాలేదు. తొడుగు కరిగి మూడు వైర్లూ పైపుకే అతుక్కుపోయాయి. ఆ గోడ పక్కనే పిల్లల మంచం ఉంది. గోడ కొట్టి లైన్ మొత్తం కొత్తగా వేశాం. ఆ మంచం గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

లోడ్ నిజంగా సరిపోవడం లేదంటే దారి వేరే ఉంది. గీజర్‌కి డీబీ నుంచి విడిగా ఒక లైన్, దానికి తగిన వైరు, దాని సొంత ఎంసీబీ. వైరు ముందు, ఎంసీబీ ఆ తర్వాత. ఈ వరస ఎప్పుడూ తిరగబడకూడదు.

ఎలక్ట్రీషియన్ వచ్చాక ఆయనతో చేయించాల్సినవి చెబుతాను. డీబీ మూత మీరు తీయకండి. మెయిన్ దించినా దానికి పైనుంచి వచ్చే వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఆయన క్లాంప్ మీటర్‌తో, అంటే వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటర్‌తో, గీజర్ ఒక్కటే నడిచేటప్పుడు ఎన్ని యాంపియర్లు పోతోందో కొలవాలి. 2000 వాట్ల గీజర్‌కి తొమ్మిదికి అటూఇటూ ఉంటే లోడ్ తప్పు కాదు, స్క్రూలు, సాకెట్, ఎంసీబీ చూడాలి. మెయిన్ ఆపి ఆ లైన్ స్క్రూలు విప్పి, నల్లబడిన వైరు కొస కత్తిరించి, కొత్త రాగి బయటపెట్టి మళ్లీ బిగించాలి. వేడెక్కిన ఎంసీబీని తిరిగి వాడకుండా అదే 16 కొత్తది వేయించండి. వైరు తొడుగుని పరీక్షించే మెగ్గర్ అనే మీటర్ ఉంటే వైరు ఇన్సులేషన్ కూడా చూడమనండి. మెరిసే టెస్టర్ ఒక్కటే పట్టుకుని అంతా బాగానే ఉందని వెళ్లిపోతానంటే ఒప్పుకోకండి. న్యూట్రల్ తెగినప్పుడు సాకెట్‌లో ఫేజ్ వైపూ, న్యూట్రల్ వైపూ కూడా ఆ టెస్టర్ వెలిగి మోసం చేయవచ్చు.

ఈలోగా ఆ లైన్ మీద ఫ్రిజ్ ఉండి టెన్షన్ పడుతుంటే, తలుపు తీయకుండా ఉంచితే దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. ఆ ఎంసీబీని కిందికే ఉంచండి. దాని మీద ఒక కాగితం ముక్క అంటించి, పని జరుగుతోంది, పైకి వేయవద్దు అని పెద్ద అక్షరాలతో రాయండి. ఇంట్లో అందరికీ నోటితో కూడా చెప్పండి. మీరో, ఎలక్ట్రీషియనో వైరు పట్టుకుని ఉండగా కరెంటు పోయిందేంటని ఇంకొకరు వచ్చి పైకి వేయడం వల్ల జరిగిన ప్రమాదాలు నాకు తెలుసు. గీజర్ ఒక్కటే వేసినా పడుతోందా, అన్నీ కలిపి నడిచినప్పుడే పడుతోందా అన్నది మీ ప్రశ్నలో లేదు. అది గుర్తు చేసుకుని రాయండి, ఎంసీబీ మీది అక్షరం, అంకె కూడా చెప్పండి. ఆ మూడూ తెలిస్తే ఇంకా కచ్చితంగా చెప్పగలను.